సంతకం ఉన్న ఫోటోలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మా ఇంటి హాల్లో ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంతకాల ఫోటోల గురించి రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. శ్రీకాకుళంలో ఉండి ఆ ఆట మీద మనసెలా పడిందని కొందరు ఫోను చేసి మరీ అడిగారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫోటో స్టూడియో, పక్కనే ఫ్రేములు కట్టే పని, ఇదే నా బతుకు. కోలగా ఉన్న బంతిని చేత్తో విసురుకునే ఆ ఆటలోకి నేను ఫోటోల దారినే వెళ్లాను. కాబట్టి నా జవాబులు ఫోటోల మనిషి చెప్పేవే. ఒకే సంగతి పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను.

*ప్రశ్న: మా అన్నయ్య ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి వల్ల నాకూ ఆ మ్యాచ్‌లు చూడటం అలవాటైంది. పాతతరం గొప్ప ఆటగాళ్ల సంతకాల ఫోటోలు పోగుచేయాలని ఉంది. ఎవరితో మొదలుపెట్టమంటారు? – ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం*

బాబూ, ముందే పేర్ల జాబితా రాసుకోకు. మీ అన్నయ్య ఉన్న ఒహాయోలోనే క్యాంటన్ అనే ఊళ్లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, అంటే ఆ ఆటలో గొప్పవాళ్లను ఎంచి గౌరవించే మ్యూజియం. 1963లో 17 మందితో మొదలైంది, ఇప్పుడు వందల్లో ఉన్నారు. అందరివీ కావాలని కూర్చుంటే డబ్బూ అయిపోతుంది, సరదా కూడా చచ్చిపోతుంది. ఏ ఫోటో దగ్గర నీ చూపు ఆగిపోతుందో దానితో మొదలుపెట్టు.

నా చూపు ఆగింది వై.ఎ. టిటిల్ ఫోటో దగ్గర. 1964 సెప్టెంబర్ 20, పిట్స్‌బర్గ్. టిటిల్ న్యూయార్క్ జెయింట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఎవరికి విసరాలో క్షణంలో తేల్చుకోవలసినవాడు. అప్పటికి వయసు 37. అవతలి ఆటగాడు వచ్చి గుద్దిన గుద్దుకి హెల్మెట్ ఊడిపోయింది. విసిరిన బంతి శత్రువుల చేతిలో పడి వాళ్లకే పాయింట్లు తెచ్చింది. టిటిల్ గ్రౌండులో మోకాళ్ల మీద కూలబడిపోయాడు. బట్టతల, దాని మీంచి కారుతున్న రక్తం, తొడల మీద వాలిపోయిన చేతులు. మోరిస్ బెర్మన్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. ఇందులో ఆట ఎక్కడుంది అని వాళ్ల పత్రికలోనే ఎడిటర్ దాన్ని వేయలేదు. బెర్మన్ పోటీలకు పంపితే బహుమతులు వచ్చాయి. ఇప్పుడది క్యాంటన్ హాల్లో గోడ మీద ఉంది. టిటిల్ ఆ సీజన్‌తోనే ఆట మానేశాడు. 2017లో చనిపోయాడు.

నేను జీవితమంతా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్కూలు గ్రూపు ఫోటోలు తీసినవాణ్ణి. కదలొద్దు, నవ్వండి అని చెప్పడమే నా పని. ఓడిపోయిన మనిషిని ఇంత గౌరవంగా చూపించిన ఫోటో నేను మరొకటి చూడలేదు. తర్వాతి రోజుల్లో అభిమానులు ఆ ఫోటోనే తెచ్చి ముందు పెడితే టిటిల్ దాని మీద సంతకం చేసేవాడు. గెలిచిన రోజు ఫోటోలు ఆయనకు లేవా? ఉన్నాయి. అయినా తను కూలబడిన రోజు ఫోటో కింద కూడా పేరు రాశాడు. నేను ఈ ఫోటోలు పోగుచేసేది ఇందుకే. సంతకం అంటే ఆ క్షణం నాదే అని ఆ మనిషి స్వయంగా ఒప్పుకోవడం.

నాకు తర్వాత నచ్చింది 'ది క్యాచ్'. 1982 జనవరి 10, శాన్‌ఫ్రాన్సిస్కో. జో మోంటానా విసిరిన బంతిని డ్వైట్ క్లార్క్ గాల్లోకి లేచి వేళ్ల కొసలతో అందుకున్నాడు. అప్పటికి గడియారంలో 51 సెకన్లు మిగిలాయి. డల్లాస్ మీద 28–27తో గెలిచారు. ఆ ఫోటో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం అయింది. విసిరినవాడు, అందుకున్నవాడు ఇద్దరూ సంతకం చేసిన ప్రతులు ఉన్నాయి. క్లార్క్ ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుతో 2018లో పోయాడు. కాబట్టి అలాంటిది నికరమైనది కనబడితే మీ అన్నయ్యతో మాట్లాడి ఆలోచించు.

కొన్ని పేర్లు మాత్రం ఇప్పుడే వద్దు. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అని పిలిచే అక్కడి ప్రొఫెషనల్ లీగుకి 1920లో మొదటి అధ్యక్షుడైన ఆటగాడు జిమ్ థోర్ప్ 1953లో పోయాడు. కోచ్ విన్స్ లొంబార్డి 1970లో పోయాడు. ఇక ఎర్నీ డేవిస్ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీని 1961లో గెలిచాడు, అది అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. లుకేమియా వచ్చి 1963లో, 23 ఏళ్లకే, ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్ల సంతకాలు చాలా తక్కువ. తక్కువ ఉన్నచోటే దొంగవి ఎక్కువ పుడతాయి. బతికున్నవాళ్లతో, పబ్లిక్‌గా కూర్చుని సంతకాలు చేసేవాళ్లతో మొదలుపెట్టు.

*ప్రశ్న: ఆన్‌లైన్‌లో వాల్టర్ పేటన్ సంతకం ఉన్న ఫోటో నాలుగు వేలకు ఇస్తామంటున్నారు. సర్టిఫికెట్ కూడా ఉందట. తీసుకోవచ్చా? – ప్రైవేటు ఉద్యోగి, బొబ్బిలి*

వద్దండి. ఫోటో చూడకుండానే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. పేటన్ షికాగో బేర్స్‌కి 13 సీజన్లు ఆడాడు. బంతి పట్టుకుని మొత్తం 16,726 గజాలు పరిగెత్తాడు. 2002 దాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. కాలేయం జబ్బు, దాంతోపాటు వచ్చిన క్యాన్సర్ వల్ల 1999 నవంబర్‌లో 45 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత ఒక్క కొత్త సంతకం కూడా పుట్టదు కదా. అంత పేరున్న మనిషిది చేతిలో నిజమైనది ఉన్నవాడు ముక్కూ మొహం తెలియని మనకి ఆ ధరకు ఎందుకు ఇస్తాడు? ఆయన సంతకం కింద 'స్వీట్‌నెస్' అనే ముద్దుపేరు, ఆ 16,726 అంకె వేసేవాడు. అది ఉంది కాబట్టి నిజమేనని కొందరు నమ్ముతారు. దొంగ రాతగాళ్లకూ ఆ సంగతి తెలుసు.

ఇక సర్టిఫికెట్. ఎవరు ఇచ్చారన్నదాన్ని బట్టే దాని విలువ. అమ్మేవాడే కంప్యూటర్లో టైపు చేసి బంగారు స్టిక్కర్ అంటించి ఇచ్చినా అది సర్టిఫికెట్టే. అమెరికాలో ఎఫ్‌బీఐవాళ్లు 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో 1999లో దాడులు చేస్తే దొంగ సంతకాల సరుకు గుట్టలుగా దొరికింది, సర్టిఫికెట్లతో సహా. మదర్ థెరిసా సంతకం చేసినట్టు బేస్‌బాల్ బంతులు కూడా అమ్మారంటే వాళ్ల తెగింపు చూడండి. ఇప్పుడు పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ అనే సంస్థలు సంతకాలు పరీక్షించి నంబరున్న స్టిక్కర్ వేస్తాయి. ఆ నంబరుని స్వయంగా వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అక్కడ రాసి ఉన్న వస్తువు, మీకు అమ్ముతున్న వస్తువు ఒకటేనా కాదా చూడండి. స్టిక్కర్లకీ నకిలీలు ఉన్నాయి. నంబరు నిజమైనదే అయినా, ఎదురుగా కూర్చుని చూసి ఇచ్చిన సర్టిఫికెట్‌కీ, తర్వాత చూసి అభిప్రాయం చెప్పిన సర్టిఫికెట్‌కీ చాలా తేడా ఉంది. మొదటిదే ఎక్కువ నమ్మండి.

ఫోటో చేతికొచ్చాక మీరే చూసుకోగలిగినవి కూడా ఉన్నాయి. వాచీలు రిపేరు చేసేవాళ్ల భూతద్దం ఒకటి అడిగి తెచ్చుకోండి. సంతకం గీత చిన్నచిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ప్రింటే. నిజంగా మార్కర్‌తో రాసిందైతే ఫోటోని లైటు కింద వాలుగా పట్టుకున్నప్పుడు సిరా నునుపు మీద వేరే మెరుపు తేలుతుంది. గీత మీద గీత పడిన చోట రంగు ముదురుగా ఉంటుంది. ఆఖరి అక్షరం దగ్గర చెయ్యి లేచిపోయే వేగానికి గీత సన్నబడి ఆగుతుంది. మా టిటిల్ ఫోటోలో నేను ఎక్కువసేపు చూసేది ఆ చివరి తోకనే. ముసలి చెయ్యి కాస్త వణికి, మళ్లీ సర్దుకుని, తేలిగ్గా పైకి లేచిన గుర్తు అక్కడ కనిపిస్తుంది. చూసి చూసి రాసే దొంగ చేతికి ఆ తేలిక రాదు. నెమ్మదిగా గీస్తుంది కాబట్టి మొదలూ చివరా ఒకే మందంగా, మొద్దుగా ఉంటాయి.

ఆటోపెన్ అనే యంత్రం కూడా ఉంది, అసలు మనిషి సంతకాన్నే పెన్నుతో మళ్లీ మళ్లీ గీస్తుంది. ఒకే మనిషివి రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూస్తే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయా, అది యంత్రమే. మనిషి తన పేరు రెండుసార్లు ఒకేలా రాయలేడు.

పాతవాళ్ల విషయంలో కాలం సరిపోయిందో లేదో చూడండి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. జిమ్ థోర్ప్ పోయింది 1953లో. మరి షార్పీతో థోర్ప్ సంతకం ఎలా ఉంటుంది? కాగితం కూడా సాక్ష్యం చెబుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో పేపరు 1970లలోనే వాడుకలోకి వచ్చింది, అంతకు ముందంతా ఫైబర్ పేపరే. దుకాణాల్లో దొంగనోట్లు పట్టే నీలం లైటు ఉంటుంది కదా, దాని కింద పెడితే 1950ల మధ్య నుంచి వచ్చిన చాలా రకాల పేపర్లు తెల్లగా వెలుగుతాయి. థోర్ప్ ఫోటో వెలిగిందంటే చేతులు జోడించి తిరిగి ఇచ్చేయండి.

*ప్రశ్న: ఆటగాళ్లకు ఉత్తరం రాసి ఫోటో పంపితే సంతకం చేసి తిరిగి పంపుతారని విన్నాను. నిజమేనా? మన దగ్గర్నుంచి వీలవుతుందా? – టీచరు, టెక్కలి*

నిజమే. అక్కడ చాలామంది ఇలాగే పోగుచేస్తారు. ఫోటో, ఉత్తరం, తిరుగు చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరు, మూడూ కలిపి పంపుతారు. మనకి చిక్కు ఆ తిరుగు కవరు దగ్గరే వస్తుంది. మన స్టాంపు అమెరికా పోస్టులో చెల్లదు, అక్కడి స్టాంపులే ఉండాలి. అందుకని అక్కడున్న మీవాళ్ల చిరునామానే తిరుగు చిరునామాగా పెట్టి, వాళ్లతోనే స్టాంపులు అంటించి పంపించడం తేలిక. ఉత్తరం మాత్రం మీరే చేత్తో రాయండి. టెక్కలి నుంచి రాస్తున్నానని, ఆయన ఆడిన ఫలానా మ్యాచ్ ఎందుకు నచ్చిందో ఒక పేజీ మించకుండా రాయండి. ఒక్క ఫోటోయే పెట్టండి. పోతే బాధపడేంత విలువైనది పంపకండి. రెండు అట్టల మధ్య పెట్టి, వంచవద్దు అని కవరు మీద ఇంగ్లీషులో రాయండి.

నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. కొందరు రుసుము అడుగుతారు, కొందరు ఫలానా ధర్మసంస్థకు విరాళం ఇమ్మంటారు, అందులో తప్పేం లేదు. తిరిగి వచ్చినదాన్ని మాత్రం పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టి చూడండి. పెద్ద పేరున్నవాళ్ల తరఫున సెక్రటరీలు సంతకం చేసేయడం ఎప్పటినుంచో ఉంది.

*ప్రశ్న: మా అల్లుడు తెచ్చిన జిమ్ బ్రౌన్ సంతకం ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. సంతకం వెలిసిపోతోంది. ఒక మూల ఫోటో గాజుకి అతుక్కుపోయింది కూడా. ఏం చేయాలి? – రిటైర్డ్ ఉద్యోగి, కంటోన్మెంట్, విజయనగరం*

ముందు ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. వెలిసిన సంతకం మీద మళ్లీ పెన్నుతో దిద్దించకండి. దిద్దిన క్షణం నుంచి అది జిమ్ బ్రౌన్ సంతకం కాదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి తొమ్మిది సీజన్లు ఆడి, అందులో ఎనిమిదింట్లో బంతి పట్టుకుని పరిగెత్తిన గజాల్లో లీగు మొత్తానికి మొదటి స్థానంలో నిలిచి, శరీరంలో సత్తువ ఉండగానే 30 ఏళ్లకు ఆట వదిలేసిన మనిషి. 2023లో పోయాడు. ఆయన చెయ్యి పడిన గీత ఎంత మిగిలితే అంతే దాచుకోండి.

ఆ గోడకి ఎండ పడుతోందేమో చూడండి. మార్కర్ సిరాకి ఎండే మొదటి శత్రువు. సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండ అరగంట పడినా రోజూ పడితే చాలు, ట్యూబులైటు దగ్గరగా ఉన్నా అంతే. ఇంటి మధ్య గోడకి మార్చండి. వీలైతే యూవీ ఆపే గాజు గానీ అక్రిలిక్ గానీ వేయించండి.

అతుక్కున్న మూలని లాగకండి. ఫోటో పైపొర జెలటిన్, చెమ్మ తగిలితే మెత్తబడి గాజుకి పట్టేస్తుంది, లాగితే పొర ఊడి గాజుతో వస్తుంది. మొత్తానికి గాజుతో సహా అలాగే ఉంచి, ఇక చెమ్మ తగలకుండా చూసుకోండి. ఇది ఫ్రేము కట్టినప్పుడు జరిగిన పొరపాటు. మన ఊళ్లలో గాజు, ఫోటో, వెనక ప్లైవుడ్ ముక్క, మేకులు, అంతే. సంతకం ఉన్న ఫోటోకి అలా పనికిరాదు. ఫోటోకీ గాజుకీ మధ్య కిటికీలా కోసిన మౌంటు అట్ట ఉండాలి, ఆ మందం మేరకు గాలి ఆడాలి. అట్ట ఆమ్లం లేని రకం కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫెవికాల్, డబుల్ టేపు ఫోటో వీపుకి తగలకూడదు, నాలుగు మూలలకీ కాగితపు మూలలు పెట్టి నిలబెట్టాలి. ఫ్రేము వెనక కింది రెండు మూలలకీ చిన్న కార్కు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య సందు ఉంటుంది, వానాకాలం గోడ చెమ్మెక్కినా ఫోటోకి పట్టదు. అన్నట్టు అమెరికా ఫోటోలు ఎక్కువగా 8×10 అంగుళాలు, మన రెడీమేడ్ ఫ్రేములు ఎక్కువగా 8×12. సరిపోలేదని ఫోటో అంచు మడిచే కుర్రాళ్లు ఉన్నారు, దగ్గరుండి చేయించుకోండి.

మన జిల్లాల్లో పదో తరగతి సర్టిఫికెట్ నుంచి పొలం కాగితం దాకా దేన్నైనా లామినేషన్ చేయించేస్తాం. దీనికి మాత్రం వద్దు. వేడికి సిరా పాకుతుంది, ఆ జిగురు ఇక ఎప్పటికీ ఊడదు. ఆల్బంలో పెట్టేటట్టయితే జిగురు పేజీలవీ, వాసన కొట్టే పీవీసీ కవర్లవీ వద్దు. పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి. బీరువాలో కలరా ఉండలు పక్కన పడేయకండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి అప్పుడప్పుడు మార్చండి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వెళ్లిపోయాక పలాస వైపు నుంచి జనం తడిసి ముద్దయిన ఆల్బంలు పట్టుకుని మా షాపుకి వచ్చారు. మామూలు ఫోటోలను శుభ్రమైన చల్లనీళ్లలో నానబెట్టి ఒక్కొక్కటే విడదీయగలిగాం. ఫౌంటెన్ పెన్ సిరాతో సంతకాలున్నవి మాత్రం నీళ్లలో పెట్టగానే పోయాయి. సిరా ఏ రకమో తెలియకుండా సంతకం ఉన్న ఫోటోకి నీళ్లు తగలనివ్వకండి. తుఫాను హెచ్చరిక వినగానే వాటిని గోడ మీంచి దింపి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక ఎక్కించండి.

*ప్రశ్న: జీతం పడగానే మా అబ్బాయి అమెరికావాళ్ల ఫోటోలకి తగలేస్తున్నాడు. మనవాళ్లెవరూ లేరా వాడికి? – ఒక తల్లి, ఆమదాలవలస*

అమ్మా, ఇంటి ఖర్చు, అప్పు వాయిదా తీసి పక్కన పెట్టాక మిగిలిన దాంట్లోనే కొనమని గట్టిగా చెప్పండి. ఇవి మళ్లీ అమ్మి లాభం చేసుకుందామనే ఆశ ఉంటే అది కూడా మాన్పించండి, మన దగ్గర కొనేవాళ్లే లేరు.

మనవాళ్లు లేకపోవడమేం? మీ పక్కనున్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. మా గోడ మీద టిటిల్ పక్కనే మల్లీశ్వరి ఫోటో ఉంది. మీ అబ్బాయిని ఒక ఆదివారం ఊసవానిపేట తీసుకెళ్లండి. ఆ ఊరి వీధులు చూస్తే తన గోడ మీద ఎవరికి చోటివ్వాలో వాడికే తోస్తుంది.

రామ్మూర్తి గారి సంతకం ఉన్న పాత ఫోటో అని ఎవరైనా చూపిస్తే, ఆయన 1942లో పోయారని గుర్తు పెట్టుకుని, థోర్ప్ విషయంలో చెప్పిన నీలం లైటు పరీక్షే దానికీ పెట్టండి.

*ప్రశ్న: సంతకంతోపాటు మన పేరు కూడా రాయించుకుంటే విలువ తగ్గుతుందంటారు. ఏ పెన్ను ఇవ్వాలి? – బ్యాంకు ఉద్యోగిని, పార్వతీపురం*

అమ్ముకునేవాళ్లకి తగ్గుతుంది. మీరు దాచుకునేవారైతే తప్పకుండా రాయించుకోండి, మీ పేరు రాసేంతసేపు ఆ మనిషి మీ గురించి ఆలోచించినట్టే కదా. లేతరంగు చోటయితే నీలం షార్పీ, ముదురు రంగు చోటయితే వెండి రంగు పెయింటు మార్కర్. పెయింటు మార్కర్‌ని ముందు వేరే కాగితం మీద గీసి చూసి ఇవ్వండి, లేకపోతే మొదటి అక్షరం మీదే ముద్ద పడుతుంది. బాల్‌పెన్ ఇవ్వకండి, ఫోటో మీద గాడి పడుతుంది.

*ప్రశ్న: మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ జో నేమత్ సంతకం ఫోటో తెస్తానన్నాడు. ఎలా తెమ్మనాలి? – వ్యాపారి, నరసన్నపేట*

చుట్టి గొట్టంలో పెట్టొద్దని చెప్పండి. ఫోటోని కవర్లో వేసి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, నాలుగు పక్కలా టేపు వేసి, చేతిసంచిలోనే పెట్టుకోమనండి. లగేజీలో వేయొద్దు. కొన్న బిల్లు దగ్గర ఉంచుకోమనండి, కస్టమ్స్‌లో అడిగితే చూపించడానికి పనికొస్తుంది, రేపు ఇది ఎక్కడిదని ఎవరైనా అడిగినా అదే ఆధారం. తమ్ముడు ఎదురుగా నిలబడి చేయించుకున్నదైతే ఆ సంతకం పెడుతుండగా ఫోన్‌లో ఒక ఫోటో తీయమనండి, ఆ ప్రింటు కూడా కలిపి దాచండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట సంతకం చేశారో ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి అదే కవర్లో వెనకవైపు పెట్టండి. ఫోటో వీపు మీద నేరుగా రాయొద్దు. ప్లాస్టిక్ పూత పేపరు మీద పెన్సిల్ పట్టదు, పెన్నుతో రాస్తే ఒత్తుకి ముందువైపు గీతలు తేలతాయి.